మొదటి గేమింగ్ పీసీ: 60 వేలలో పార్టులు ఎలా ఎంచుకోవాలి

షాపుకి వెళ్లి "అన్నా, 60 వేలలో గేమింగ్ పీసీ కావాలి" అని అడిగితే ఐదు నిమిషాల్లో కొటేషన్ చేతికొస్తుంది. చాలా కొటేషన్లలో ప్రాసెసర్ పేరు పూర్తిగా ఉంటుంది, ర్యామ్ ఎన్ని జీబీలో స్పష్టంగా ఉంటుంది. తెర మీద బొమ్మల్ని గీసే గ్రాఫిక్స్ కార్డు దగ్గరికి వచ్చేసరికి "4 జీబీ గ్రాఫిక్స్" అని, ఎస్‌ఎంపీఎస్ (మెషీన్‌కి కరెంటు అందించే పెట్టె) దగ్గర "500 వాట్స్" అని రాసి వదిలేస్తారు. గేమ్ ఎంత సాఫీగా నడుస్తుందో తేల్చేది మొదటిది. మెషీన్ ఎన్నేళ్లు నిలుస్తుందో తేల్చేది రెండోది. ఆ రెండింటి పూర్తి పేర్లు లేని కొటేషన్‌కి అడ్వాన్స్ ఇవ్వకండి.

మానిటర్, కీబోర్డు, మౌస్ కాకుండా ఒక్క మెషీన్‌కే 60 వేలు అనుకుని ఇక్కడ లెక్క వేస్తున్నాను. మీ దగ్గర 50 వేలున్నా 75 వేలున్నా ఆలోచించే వరస మారదు. ముందు గేము, తర్వాత స్క్రీను, వాటిని బట్టి గ్రాఫిక్స్ కార్డు, ఆ కార్డుకి సరిపోయేలా మిగతావన్నీ. మామూలుగా జరిగేది దీనికి తలకిందులు: ప్రాసెసర్‌తో మొదలుపెట్టి, చివర్లో మిగిలిన డబ్బుకి ఏ కార్డు వస్తే అది పెట్టేస్తారు.

1. ఏ గేములు ఆడతారో కాగితం మీద రాయండి

వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 లాంటి పోటీ గేములు గ్రాఫిక్స్ కార్డు మీద పెద్ద బరువు వేయవు. సెకనుకి 150, 200 ఫ్రేములు (తెర మీద మారే బొమ్మలు) రావాలంటే అక్కడ కష్టపడేది ప్రాసెసర్. సైబర్‌పంక్ 2077, రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 లాంటి పెద్ద కథ గేముల్లో బరువంతా కార్డు మీదే పడుతుంది. వాటిలో 60 ఫ్రేములు నిలకడగా వస్తే హాయిగా ఆడుకోవచ్చు. మీరు రాసిన ఐదారు పేర్లలో ఏ రకం ఎక్కువుందో చూస్తే డబ్బు ఎటు మళ్లించాలో సగం తేలిపోతుంది.

గేములతో పాటు ఈ మెషీన్ మీద ఇంకేం చేస్తారో కూడా రాయండి. బ్లెండర్ (3డీ బొమ్మలు చేసే సాఫ్ట్‌వేర్), వీడియో ఎడిటింగ్, ఇంజినీరింగ్‌లో మెషీన్ లెర్నింగ్ ప్రాజెక్టులు ఉంటే కార్డు ఏ కంపెనీది తీసుకోవాలన్నది మారిపోతుంది.

2. స్క్రీన్ సంగతి తేల్చుకోండి

ఫుల్ హెచ్‌డీ అంటే 1920 × 1080, సుమారు 20.7 లక్షల పిక్సెళ్లు. 1440పీ అంటే 2560 × 1440, దాదాపు 36.9 లక్షలు. ఒక్కో ఫ్రేముకి కార్డు గీయాల్సిన చుక్కలు 78 శాతం పెరుగుతాయి. 60 వేల మెషీన్‌కి ఫుల్ హెచ్‌డీయే సరైన జోడీ. 24 అంగుళాల ఐపీఎస్ ప్యానెల్ (పక్క నుంచి చూసినా రంగులు చెడని రకం), 144 హెర్ట్జ్ (సెకనుకి 144 సార్లు బొమ్మ మార్చేది) లేదా ఆ పైన ఉన్నది చూడండి. అదే ఫుల్ హెచ్‌డీని 27 అంగుళాల్లో తీసుకుంటే టేబుల్ మీద దగ్గరగా కూర్చున్నప్పుడు అక్షరాల అంచులు గరుకుగా కనిపిస్తాయి. ఇంట్లో ఇప్పటికే 60 హెర్ట్జ్ మానిటర్ ఉంటే దాన్నే వాడుకుని ఆ డబ్బు కార్డులో పెట్టండి. మానిటర్ ఆరు నెలలాగి కొన్నా నష్టం లేదు.

3. డబ్బు పంచండి

60 వేలలో గ్రాఫిక్స్ కార్డుకి మూడో వంతుకు తగ్గకూడదు, వీలైతే 40 శాతం. అంటే 20 నుంచి 24 వేలు. ఎస్‌ఎంపీఎస్‌కీ క్యాబినెట్‌కీ కలిపి 7, 8 వేలు పక్కన పెట్టండి. మిగిలిన 28 నుంచి 33 వేలలో ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ (గేములు, ఫైళ్లు దాచే డ్రైవు) సర్దుకోవాలి.

ఈ చివరి భాగమే ఇప్పుడు కష్టమైంది. 2025 చివరి నుంచి ఏఐ డేటా సెంటర్ల కోసం మెమరీ చిప్‌లకు గిరాకీ విపరీతంగా పెరిగింది. దాంతో ర్యామ్ ధరలు బాగా పైకి వెళ్లాయి, ఎస్‌ఎస్‌డీలూ అదే దారి పట్టాయి. కాబట్టి ఏడాది కిందటి వీడియోలో చూపించిన ధరల్ని నమ్ముకుని లెక్క వేయకండి. కొనే వారంలో రెండు మూడు చోట్ల ధర కనుక్కుని, అప్పుడు అంకెలు వేయండి.

4. గ్రాఫిక్స్ కార్డు: ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి

మొదటిసారి కొనేవాళ్లని బాగా తప్పుదారి పట్టించేది జీబీల అంకె. కార్డులో ఎంత మెమరీ ఉందన్నది ఒక సంగతి, ఆ కార్డు ఎంత వేగంగా గీస్తుందన్నది మరో సంగతి. జీటీ 730 కార్డులు 4 జీబీతో కూడా దొరుకుతాయి. ఆ చిప్ 2014 నాటిది. ఇప్పటి గేములకు అది పనికిరాదు. దాని మీద పెట్టే ప్రతి రూపాయీ వృథా.

రెండో చిక్కు, ఒకే పేరుతో వేర్వేరు కార్డులు ఉండటం. ఎన్‌విడియా కంపెనీ ఆర్‌టీఎక్స్ 3050 అనే పేరుతో 8 జీబీ కార్డు 2022లో, 6 జీబీ కార్డు 2024లో వచ్చాయి. తేడా 2 జీబీతో ఆగదు. మొదటిదానిలో 2560 కోర్లు (లెక్కలు చేసే చిన్న భాగాలు), రెండోదానిలో 2304. మెమరీ బస్సు, అంటే మెమరీ నుంచి సమాచారం వచ్చే దారి వెడల్పు, కూడా 128 బిట్ల నుంచి 96కి తగ్గింది. ఆర్‌టీఎక్స్ 3060లోనూ అంతే: 12 జీబీ కార్డు వేరు, తర్వాత వచ్చిన 8 జీబీ కార్డు వేరు, రెండోది నెమ్మది. జీటీ 1030లో డీడీఆర్4 మెమరీతో వచ్చినది మామూలు 1030 కన్నా చాలా వెనకబడి ఉంటుంది. ఏఎండీ కంపెనీ ఆర్‌ఎక్స్ 580 అని అమ్మేవాటిలో "2048ఎస్‌పీ" అని ఉంటే దాని లోపలున్న కోర్ల సంఖ్య ఆర్‌ఎక్స్ 570ది. అందుకే బిల్లు మీద చిప్ పేరు, మెమరీ ఎంత, ఏ కంపెనీ కార్డు, ఏ మోడల్, ఈ నాలుగూ రాయించుకోండి.

ఈ బడ్జెట్‌లో ఫుల్ హెచ్‌డీకి నేను ముందుగా చూడమనేది ఆర్‌ఎక్స్ 6600, 8 జీబీ. 2021లో వచ్చిన కార్డే అయినా 132 వాట్లతో సరిపెట్టుకుంటుంది. చాలా మోడళ్లకు ఒక్క 8 పిన్ కేబుల్ చాలు. ఇదే ధరలో ఆర్‌టీఎక్స్ 3050 కనిపిస్తే గేముల వరకు 6600 స్పష్టంగా మెరుగు. ఇంకో ఏడెనిమిది వేలు కలపగలిగితే ఆర్‌టీఎక్స్ 4060 లేదా 5060 అందుతాయేమో చూడండి. బ్లెండర్, మెషీన్ లెర్నింగ్ పనులున్నవాళ్లు ఎన్‌విడియా వైపే వెళ్లాలి. ఆ సాఫ్ట్‌వేర్లు ఎక్కువగా సీయూడీఏ (CUDA) అనే ఎన్‌విడియా సాంకేతికత మీద ఆధారపడి నడుస్తాయి కాబట్టి అక్కడ ఏఎండీ కార్డుతో ఇబ్బంది పడతారు. ఇంటెల్ ఆర్క్ బీ580 12 జీబీతో ఊరిస్తుంది గానీ, దానికి రీసైజబుల్ బార్ (ప్రాసెసర్ కార్డు మెమరీ మొత్తాన్నీ ఒకేసారి అందుకునే సెట్టింగు) ఆన్ అయ్యే మదర్‌బోర్డూ, కాస్త గట్టి ప్రాసెసరూ కావాలి. పాత ప్రాసెసర్ జత చేస్తే దాని వేగం బాగా పడిపోతుంది.

4 జీబీ కార్డులు ఎందుకు వద్దంటున్నానంటే, గేములోని బొమ్మలన్నీ కార్డు మెమరీలో పట్టకపోతే మిగిలినవి మామూలు ర్యామ్ నుంచి రావాలి. ఆ దారి చాలా నెమ్మది. సగటు ఫ్రేములు బాగానే కనిపించినా మలుపు తిరిగిన ప్రతిసారీ గేము తడబడుతుంది. ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ లాంటి 4 జీబీ కార్డుకి మదర్‌బోర్డుతో కలిపే దారులు కూడా నాలుగే. ఆ దారి పేరు పీసీఐఈ, పాత పీసీఐఈ 3.0 బోర్డులో పెడితే ఇంకా కుంటుతుంది.

కార్డు ఖాయం చేసుకునే ముందు, మీ జాబితాలోని గేముని అదే కార్డు మీద, అదే రిజల్యూషన్‌లో ఆడించిన పరీక్ష వీడియో ఒకటి చూడండి. సగటు ఫ్రేముల పక్కన "1 శాతం లో" అనే అంకె ఉంటుంది, అంటే గేము అన్నిటికన్నా నెమ్మదించిన క్షణాల్లో వచ్చే ఫ్రేములు. సగటు 80 ఉండి అది 25 ఉంటే ఆ గేము చేతిలో తడబడుతుంది. రెండూ దగ్గరగా ఉన్న కార్డు మంచిది.

5. ప్రాసెసర్, మదర్‌బోర్డు కలిపి ఎంచుకోండి

ఇవి రెండూ ఒకే సాకెట్‌కి (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే గూడు) చెందాలి. ఏఎండీలో ఏఎం4 సాకెట్ పాతది, డీడీఆర్4 తరం ర్యామ్ తీసుకుంటుంది. 2022లో వచ్చిన ఏఎం5 డీడీఆర్5 మాత్రమే తీసుకుంటుంది, రేపు ప్రాసెసర్ మార్చుకునే అవకాశం దానికే ఎక్కువ. ఇంటెల్ 12వ తరంలో బోర్డుని బట్టి డీడీఆర్4 గానీ డీడీఆర్5 గానీ పడుతుంది. ఒక్కో బోర్డు ఒక్కటే రకం తీసుకుంటుంది, కాబట్టి ర్యామ్ కొనే ముందు బోర్డు పూర్తి పేరు చూడండి.

60 వేలలో నా ఓటు రైజెన్ 5 5600కి. ఆరు కోర్లు, 12 థ్రెడ్లు, 65 వాట్లు, పెట్టెలోనే కూలర్ వస్తుంది. అది దొరక్కపోతే కోర్ ఐ5-12400ఎఫ్ అంతే మంచిది. ఐ3-12100ఎఫ్ నాలుగు కోర్లదే అయినా పోటీ గేములకు బాగా ఆడుతుంది. డబ్బు మరీ బిగిస్తే అది తీసుకుని కార్డు తగ్గించకుండా కాపాడుకోండి. ఐ7, రైజెన్ 7 అంటే గొప్పగా వినిపిస్తాయి గానీ, వాటి కోసం కార్డు దగ్గర 8 వేలు కోసేస్తే గేముల్లో నష్టపోయేది మీరే.

చివరి అక్షరాల మీద కన్నేయండి. ఇంటెల్‌లో ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్ ఉండదు, విడి కార్డు లేకుండా స్క్రీన్ మీద ఏమీ రాదు. రైజెన్ 5600కీ అంతే. 5600జీలో గ్రాఫిక్స్ ఉంటుంది గానీ ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి చిన్న మెమరీ) 32 ఎంబీకి బదులు 16 ఎంబీ, పీసీఐఈ కూడా 4.0 బదులు 3.0. 5500కీ ఈ కోతలే ఉన్నాయి, పైగా లోపల గ్రాఫిక్స్ కూడా ఉండదు. కార్డు ఎలాగూ కొంటున్నవాళ్లకి 5600 సరైనది. కార్డుకి ఇప్పుడు డబ్బు లేదు, ఆరేడు నెలలాగి కొంటామనేవాళ్లకి మాత్రం 5600జీ దారి ఉంది. వాలరెంట్, పాత గేములు ఈలోగా నడిచిపోతాయి.

మదర్‌బోర్డు మీద ఎక్కువ పెట్టనక్కర్లేదు. ఏఎం4లో బీ550 రకం బోర్డు తీసుకుంటే కార్డుకి పీసీఐఈ 4.0 దొరుకుతుంది, వీలైతే అదే తీసుకోండి. ఏ520 కూడా నడుస్తుంది, దానిలో పీసీఐఈ 3.0 ఉంటుంది. ఆర్‌ఎక్స్ 6600కి అది పెద్ద దెబ్బ కాదు. పాత స్టాకు బీ450 బోర్డులో 5600 పెడితే బయోస్ (బోర్డుని మొదలుపెట్టే లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేస్తేగానీ ఆన్ కాకపోవచ్చు. ఆ అప్‌డేట్ షాపులోనే చేయించుకుని, ఆన్ అవ్వడం చూసి తెచ్చుకోండి.

6. ర్యామ్, ఎస్‌ఎస్‌డీ

16 జీబీ, అదీ 8 జీబీ స్టిక్కులు రెండు. ఒకే స్టిక్ పెడితే మెమరీ దారి సగమే తెరుచుకుంటుంది. 5600జీ లాంటి లోపలి గ్రాఫిక్స్ వాడేవాళ్లకు ఈ తేడా ఫ్రేముల్లో బాగా తెలుస్తుంది. డీడీఆర్4లో 3200 వేగం చాలు. ధర చూసి భయపడి 8 జీబీతో ఆపకండి. బ్రౌజర్, డిస్కార్డ్ తెరిచి గేము పెడితే 8 జీబీ నిండిపోతుంది. ఇంట్లోనో స్నేహితుల దగ్గరో పాత డెస్క్‌టాప్‌లో డీడీఆర్4 స్టిక్కులు మూలన పడి ఉంటే ఈ రోజుల్లో వాటికి మంచి విలువ ఉంది, అడిగి చూడండి. ల్యాప్‌టాప్ స్టిక్కులు పొట్టివి, ఇక్కడ పట్టవు.

ఎస్‌ఎస్‌డీ ఎన్‌వీఎంఈ అనే వేగమైన రకం, 500 జీబీకి తగ్గకుండా. అదే ఎం.2 (బోర్డులోనే గుచ్చే చిన్న పట్టీ) ఆకారంలో సాటా అనే పాత రకం ఎస్‌ఎస్‌డీలు కూడా ఉంటాయి, వాటి వేగం చాలా తక్కువ. పెట్టె మీద ఎన్‌వీఎంఈ అని ఉందో లేదో చదవండి. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 ఒక్కటే 150 జీబీ అడుగుతుంది, కాబట్టి పెద్ద కథ గేములు ఆడేవాళ్లకి 1 టీబీ ఉంటే టెన్షన్ ఉండదు. బోర్డులో రెండో ఎం.2 స్లాటు ఉంటే మాత్రం ఇప్పటికి 500తో మొదలుపెట్టి తర్వాత ఇంకోటి చేర్చుకోవచ్చు.

7. ఎస్‌ఎంపీఎస్ దగ్గర బేరం ఆడకండి

క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చే ఎస్‌ఎంపీఎస్‌తో గేమింగ్ మెషీన్ నడపకూడదు. అది పాడైతే తను ఒక్కటే పోదు, బోర్డునో కార్డునో తీసుకుపోవచ్చు.

స్టిక్కర్ మీద పెద్ద అంకెని వదిలేసి, పక్కనున్న పట్టిక చదవండి. ప్రాసెసర్, కార్డు రెండూ తాగేది 12 వోల్టుల లైను నుంచే. ఆ గడిలో ఎన్ని ఆంపియర్లు ఉన్నాయో చూసి 12తో హెచ్చవేయండి. "500 వాట్స్" అని పెద్దగా ఉండి 12 వోల్టుల దగ్గర 18 ఆంపియర్లే ఉంటే అసలు బలం 216 వాట్లే. నిజమైన 550 వాట్ల దానిలో ఆ లెక్క 500 దాటుతుంది. మన మెషీన్‌లో కార్డుకి 132, ప్రాసెసర్‌కి సుమారు 80, మిగతావాటికి 50 వేసుకుంటే 260 దగ్గర ఆగుతుంది. 550 వాట్లు తీసుకుంటే రేపు కార్డు మార్చినా దీన్నే వాడుకోవచ్చు. 80 ప్లస్ బ్రాంజ్ గుర్తు కరెంటు ఎంత వృథా కాకుండా వాడుతుందో చెబుతుంది, రక్షణ గురించి చెప్పదు. ఓవర్ వోల్టేజ్, ఓవర్ కరెంట్, షార్ట్ సర్క్యూట్ రక్షణలు ఉన్నాయా, వారంటీ ఐదేళ్లు ఉందా అని విడిగా చూడండి.

ఎండాకాలం కరెంటు కోతలు, వోల్టేజ్ ఎగుడుదిగుళ్లు ఉన్న ఊళ్లో యూపీఎస్ కూడా లెక్కలోకి రావాలి. 600 వీఏ యూపీఎస్ సాధారణంగా 360 వాట్ల వరకే మోస్తుంది. గేము నడుస్తుండగా కరెంటు పోతే మెషీన్, మానిటర్ కలిపి ఆ హద్దుకు దగ్గరగా వెళ్తాయి. 1000 వీఏ తీసుకుంటే సేవ్ చేసి ఆపుకునే వ్యవధి దొరుకుతుంది.

ఇంకొకటి, చాలా ఇళ్లలో ఎవరూ పట్టించుకోనిది: ఎర్తింగ్. ఆన్‌లో ఉన్న క్యాబినెట్ ఇనుప భాగాన్ని ముట్టుకుంటే జివ్వుమంటే ఎర్తింగ్ లేనట్టే. మూడు పిన్నుల ప్లగ్గుని రెండు పిన్నుల అడాప్టర్‌తో పెట్టే అలవాటు మానాలి. పార్టులు తెచ్చే ముందే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఆ స్విచ్ బోర్డుకి ఎర్తింగ్ ఉందో లేదో చూపించండి.

8. క్యాబినెట్

ముందు భాగం జల్లెడలా గాలి లోపలికి పోయేలా ఉండాలి. ముందు అద్దం బిగించి లైట్లు పెట్టినవి అందంగా ఉంటాయి గానీ, మే నెలలో రామగుండంలోనో విజయవాడలోనో గదిలోనే 38, 40 డిగ్రీలుంటే లోపలి వేడి బయటికి పోయే దారి ఉండదు. ముందు ఒక ఫ్యాను, వెనక ఒక ఫ్యాను కనీసం. కొనబోయే కార్డు పొడవు అందులో పడుతుందో లేదో మిల్లీమీటర్లలో సరిచూసుకోండి.

9. కొనడం

హైదరాబాద్ దగ్గర్లో ఉంటే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, అందరూ సీటీసీ అనే చోటికి వెళ్లండి. మోడల్ నంబర్లతో సహా మీరే రాసుకున్న జాబితా పట్టుకుని కనీసం మూడు షాపుల్లో ధర అడగండి. "ఇది స్టాకు లేదు, దానికన్నా మంచిది ఇస్తా" అంటే అక్కడే ఒప్పుకోకుండా ఆ మోడల్ పేరు రాసుకుని బయటికొచ్చి చూడండి. చెప్పిన ధరలో 18 శాతం జీఎస్‌టీ కలిసి ఉందో లేదో ముందే అడగండి. బిల్లు లేకుండా తగ్గిస్తామన్నా వద్దు. మూడేళ్ల తర్వాత వారంటీకి ఆ కాగితమూ, దాని మీది సీరియల్ నంబర్లే దిక్కు.

ప్రాసెసర్ సీలు పెట్టెలో ఉన్నదే తీసుకోండి. పెట్టె లేకుండా ట్రే ప్రాసెసర్ తక్కువకి దొరుకుతుంది గానీ, దానికి వారంటీ ఇచ్చేది అమ్మినవాళ్లే. ఆన్‌లైన్‌లో కొంటే పార్సిల్ విప్పేటప్పుడు సీలు దగ్గర్నుంచి ఆపకుండా వీడియో తీయండి.

అమెరికా నుంచి అన్నయ్యో వదినో వస్తుంటే కార్డు తెమ్మని అడగాలనిపిస్తుంది. పాడైతే ఇక్కడి సర్వీస్ సెంటర్ తీసుకుంటుందా అన్నది ఆ కార్డు కంపెనీ నిబంధనల్లో ముందే చదవండి. చాలా కార్డులకి వారంటీ కొన్న దేశంలోనే చెల్లుతుంది.

సెకండ్ హ్యాండ్‌లో ప్రాసెసర్ కొనడం భయపడాల్సిన పని కాదు, ఏఎం4 రకమైతే పిన్నులు వంగలేదని చూస్తే చాలు. కార్డు అయితే ఎదురుగా అరగంట గేము ఆడించి, ఫ్యాన్ చప్పుడు విని, తెర మీద చుక్కలు గీతలు రావట్లేదని చూసి, అసలు బిల్లుతో సహా తీసుకోండి. ఎస్‌ఎంపీఎస్ మాత్రం కొత్తదే. ఆఫీసుల నుంచి వచ్చిన పాత బ్రాండెడ్ డెస్క్‌టాప్ చవగ్గా కొని కార్డు పెడదామనుకుంటే, వాటిలో చాలావాటికి ఎస్‌ఎంపీఎస్ సొంత ఆకారంలో ఉంటుంది, కార్డుకి విడి కరెంటు కేబుల్ ఉండదు. విడి కేబుల్ అడగని, 70 వాట్ల ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ లాంటి కార్డులు పనికొచ్చేది అక్కడే.

10. బిగించాక

షాపులో బిగించినా ఇంట్లో మీరే బిగించినా కొన్ని సంగతులు మీ కళ్లతో చూడండి. కూలర్ అడుగున ప్లాస్టిక్ పొర ఉంటే తీసేశారా? బోర్డుకి నాలుగు ర్యామ్ స్లాట్లుంటే రెండు స్టిక్కులూ ప్రాసెసర్ వైపు నుంచి రెండో, నాలుగో స్లాట్లలో ఉన్నాయా? మానిటర్ కేబుల్ గ్రాఫిక్స్ కార్డుకి పెట్టారా? పైనున్న మదర్‌బోర్డు పోర్టుకి పెడితే కార్డు ఖాళీగా కూర్చుంటుంది, 5600 లాంటివాటిలో తెర మీద ఏమీ రాదు.

బయోస్‌లోకి వెళ్లి ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ని పూర్తి వేగంతో నడిపే సెట్టింగు) ఆన్ చేయండి. ఏఎండీ బోర్డుల్లో దాని పేరు డీఓసీపీ అనో ఎక్స్‌పో అనో ఉండొచ్చు. ఇది చేయకపోతే 3200 ర్యామ్ 2133 లేదా 2400 దగ్గరే నడవొచ్చు. రీసైజబుల్ బార్ కూడా ఆన్ చేయండి. వాలరెంట్ ఆడేవాళ్లు విండోస్ 11లో టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రత సెట్టింగులు ఆన్‌లో ఉన్నాయని చూసుకోవాలి, లేకపోతే గేము తెరుచుకోదు. విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో రిఫ్రెష్ రేటుని 60 నుంచి 144కి మార్చండి. చాలాసార్లు అది దానంతట అది మారదు.

తర్వాత మీ జాబితాలోని పెద్ద గేముని మధ్యాహ్నం వేడిలో, ఫ్యాను వేసిన గదిలోనే, గంటసేపు ఆడి ఉష్ణోగ్రతలు చూడండి. కార్డు 80 డిగ్రీల లోపు ఉంటే నిశ్చింత. 5600 ప్రాసెసర్ హద్దు 90, గేముల్లో అది దానికి బాగా కింద ఉండాలి. హద్దు దగ్గరికి వెళ్తుంటే కూలర్ సరిగ్గా కూర్చోలేదని అర్థం, పేస్టు కొత్తగా వేసి మళ్లీ బిగించాలి. ఈ పరీక్ష మొదటి వారంలోనే చేయండి, ఎందుకంటే వస్తువు మార్చి ఇచ్చే గడువు చాలాచోట్ల ఏడు నుంచి పది రోజులే. అప్పటిదాకా ఒక్క పెట్టెని కూడా పాతసామాన్లవాడికి వేయకండి.